‘మర్మం’ అంటే రహస్యమా, ఆయువుపట్టా?

పదపేటిక: ‘ఇందులో మర్మం ఏమిటి’ అంటాం. కానీ ఆ మాటకు మొదటి అర్థం రహస్యం కాదు. చావును చెప్పే ‘మృ’ ధాతువు నుంచి వైయాకరణులు దాన్ని సాధించారు. దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే చోటు మర్మం. ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహిత అలాంటివి 107 చెప్పింది. రహస్యమన్న అర్థం తరువాత వచ్చి చేరింది.

గోదారిగట్టు: మర్మర ధ్వని నుంచి కాదా? చెవిలో గుసగుసగా చెప్పేది కదా.

పదపేటిక: కాదండీ. మర్మరం ఆకుల చప్పుడును బట్టి పుట్టిన మాట.

కట్టువైద్యుడి మనవడు: తరువాత చేరిందని ఎలా అంటారు? ఋగ్వేదం ఆరో మండలం 75వ సూక్తంలోనే ‘మర్మాణి తే వర్మణా ఛాదయామి’ అని ఉంది. నీ మర్మాలను కవచంతో కప్పుతున్నాను అని. కప్పి ఉంచేదే మర్మం. పత్రికల్లో ‘మర్మాంగాలు’ అని చదివితే మీకు ఏం తోస్తుంది?

పదపేటిక: తలకు పాగా చుడతాం. తల అంటే దాపరికమా? అక్కడ తగిలితే చస్తాడు కనుకే కవచం.

నిఘంటుప్రియ: మన ‘ఆయువుపట్టు’ కూడా అదే చోటు. ‘కేసుకు ఈ సాక్ష్యమే ఆయువుపట్టు’ అంటాం. అది కీలకం దగ్గరే ఆగింది, రహస్యం దాకా పోలేదు.

కట్టువైద్యుడి మనవడు: మీకు ధాతువులు తెలుసు, నాకు మా తాతయ్య తెలుసు. ఎముకలు కట్టేవారు. ఎక్కడ వేలు పెట్టకూడదని అడిగితే ‘అది మర్మం, అడగకు’ అనేవారు.

పదపేటిక: అడగకు అన్నారు కనుకే ఆ విద్య ఆయనతో పోయింది! మా ఊళ్లోనూ అంతే. కట్టు కట్టే ఒక్క పెద్దాయన ఎవరికీ చెప్పకుండా పోయారు. ఆ మరుసటి ఏడే మా నాన్న చెయ్యి విరిగింది. ఇప్పటికీ వంకరే. దాచడాన్ని మీరు గొప్పగా చెబుతుంటే నాకు కడుపు మండుతోంది.

కట్టువైద్యుడి మనవడు: మా తాతయ్యను గొప్ప కోసం దాచారనకండి. సుశ్రుతం చెప్పిన వాటిలో వెంటనే ప్రాణం తీసేవే 19. వాటిని సంతలో చాటమంటారా? ప్రాణం పోయే చోటు కనుకే రహస్యమైంది. ఆ అర్థం ఊరికే వచ్చి చేరలేదు.

పదపేటిక: మరి సుశ్రుతం 107 చోట్లనూ పేర్లతో, అంగుళాల (వేలి వెడల్పు) కొలతలతో ఎందుకు చెప్పింది? ఎక్కడ కోయకూడదో శిష్యుడికి తెలియాలని.

కట్టువైద్యుడి మనవడు: శిష్యుడికి. ఆ శిష్యుడిగా ఆయన నన్ను తీసుకోలేదండీ. పదేళ్లు ఆయన పక్కనే కూర్చుని నూనె గిన్నె పట్టుకున్నాను.