నల్గొండ ఎండల్లో మొదటి గెక్కో: క్రెస్టెడా, లెపర్డా, అసలు వద్దా?

బత్తాయి తోట (నల్గొండ):
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. క్రెస్టెడ్ గెక్కో అనే విదేశీ బల్లి కావాలని పట్టు పట్టి కూర్చుంది. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర పిల్లలు ఉన్నాయట. మాది పై అంతస్తు స్లాబ్ ఇల్లు, ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది. మా అత్తగారేమో "గోడల మీద తిరిగేవి చాలవా, డబ్బులు పోసి బల్లిని కొంటారా" అంటున్నారు. మొదటిసారి పెంచేవాళ్లకు ఏది నయం? అసలు మన ప్రాంతంలో పెంచవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాతి గుట్ట (దేవరకొండ):
క్రెస్టెడ్ మాట మరిచిపోండి అక్కా. అది న్యూ కాలెడోనియా దీవుల అడవుల్లోది. అంతరించిపోయిందనుకున్న జీవిని 1994లో మళ్లీ కనుగొన్నారు. దానికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 పైన చాలాసేపు ఉంటే ప్రాణానికే ముప్పు. మనకు మేలో 43, 44 మామూలు. ఏసీ ఉందంటారు, సరే. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి సాయంత్రం దాకా రాకపోతే?

ఎడమ కాలువ (మిర్యాలగూడ):
అయితే లెపర్డ్ గెక్కో తీసుకోండి. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, మన వాయవ్య భారతం ఎండు నేలల జీవి అది. అక్కడి ఎండ ముందు మన ఎండ ఎంత? చలిదేశాల్లో వేడి కోసం డబ్బు తగలేస్తారు, మనకు ఊరికే వస్తుంది. గాజు తొట్టి, కాస్త ఇసుక, రెండు రాళ్లు, పొలం నుంచి నాలుగు మిడతలు. ఇంతోటి దానికి చర్చ ఎందుకో!

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో పుట్టిన చోటు ఒక్కటే సరైనది. లెపర్డ్ గెక్కో మధ్యాహ్నపు ఎండలో తిరిగే జీవి కాదు. పగలు రాళ్ల కింద, బొరియల్లో దాక్కుని సందెవేళ బయటికి వస్తుంది. బొరియ లోపల నేల చల్లగా ఉంటుంది. గాజు తొట్టికి ఆ సౌకర్యం లేదు, గది 40కి చేరితే తొట్టి మొత్తం 40. తొట్టిలో ఒక కొసన నేల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొసన 24 నుంచి 26 ఉండాలి. ఒంటి వేడిని తానుగా సర్దుకోలేని ప్రాణి కాబట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి సర్దుకుంటుంది. చలిదేశాల పుస్తకాలన్నీ వెచ్చని కొస ఎలా తయారుచేయాలో చెబుతాయి. మనకు కావలసింది చల్లని కొస. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

బత్తాయి తోట గారూ, స్లాబ్ వేడి దిగే గదులు వద్దు. ఏసీ ఉన్న పడకగదిలోనే, కిటికీ ఎండ తగలని గోడ పక్కన, నేలకు దగ్గరగా పెట్టండి. కూలర్ ముందు పెట్టవద్దు. ఆ తేమగాలి రోజంతా తగిలితే పొడినేల జీవికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అలాగని తేమ బొత్తిగా లేకపోయినా కష్టమే. కుబుసం విడిచేటప్పుడు వేళ్ల చివర పాత చర్మం బిగుసుకుపోతే రక్తం ఆడక వేలే ఊడిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కన రంధ్రం చేసి, లోపల తడిపిన కొబ్బరి పొట్టు వేసి తొట్టిలో పెడితే చాలు, అవసరమైనప్పుడు అదే వెళ్లి కూర్చుంటుంది. డిసెంబర్, జనవరి రాత్రులకు మాత్రం హీట్ మ్యాట్ కావాలి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా దాన్ని వాడితే కడుపు కింద కాలి పుండ్లు పడతాయి.

ఇసుక పోయకండి. పురుగుతో పాటు ఇసుక మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది, పిల్లలకైతే మరీ ప్రమాదం. మనకు తాండూరు నాపరాయి ఉండగా ఇసుక ఎందుకు? గరుకు ముక్క ఒకటి పరచండి. వేడిని నిలుపుకుంటుంది, గోళ్లు అరుగుతాయి, తుడవడం తేలిక.

ఇక పొలం మిడతలు. పత్తి చేలో పట్టిన మిడత ఒంట్లో మందు ఉండదని ఎవరు హామీ ఇస్తారు? రాత్రి పురుగులు పట్టి వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: మిణుగురుల్లో ఉండే విషానికి కొన్ని రకాల బల్లులు ఒక్కటి తిన్నా చనిపోతాయి. మేతకు వేసే మీల్‌వర్మ్‌లను (ఒక రకం పెంకుపురుగు పిల్లలు) గోధుమ పొట్టులో ఇంట్లోనే పెంచుకోవచ్చు, తేమకు క్యారెట్ ముక్క వేస్తే సరి. వాటితోనే సరిపెట్టకుండా కీచురాళ్లు కూడా కొని వేయాలి. పురుగు గెక్కో రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. కాల్షియం పొడి అద్ది వేయాలి, డి3 విటమిన్ అందాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ఎదిగినదానికి రెండు మూడు రోజులకోసారి మేత చాలు, తోకలో కొవ్వు దాచుకుంటుంది.

ఎడమ కాలువ:
మిడతల సంగతి ఒప్పుకుంటాను, మా వైపు వరికి కొట్టే మందులు నేనే చూస్తున్నాను. అయినా ఇన్ని షరతులు చెబితే ఎవరూ పెంచరు అన్నా.

పిల్లలమర్రి నీడ:
పెంచకపోతే నష్టం ఎవరికి?

పెన్షన్ మాస్టారు (వనపర్తి):
నా అభిప్రాయం అసలు వద్దనే. లెపర్డ్ గెక్కో బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అమ్మాయి రెండేళ్లలో హాస్టల్‌కు వెళుతుంది, ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి. తొట్టి తుడిచేది తల్లే. జబ్బు చేస్తే మన పశువైద్యశాలల్లో గేదెలు, గొర్రెల అనుభవం ఉన్నవారే ఎక్కువ. సరీసృపాలు చూసే వైద్యుడి కోసం హైదరాబాద్ దాకా వంద కిలోమీటర్లు పోవాలి.

చట్టం సంగతీ చూడండి. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం పట్టికల్లో ఉన్న విదేశీ జీవిని పెంచుకుంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇళ్లలో పంజరాల్లో ఉన్న రామచిలుకలే నేరమని మనవాళ్లకు తెలియదు, బల్లుల సంగతి ఎవరికి పట్టింది? ఎయిడ్స్‌కు మందన్న పుకారు లేపి ఈశాన్య రాష్ట్రాల్లో టోకే గెక్కోలను ఎలా దొంగచాటుగా తరలించారో గుర్తుందా? 2019లో ఆ జాతిని సైట్స్ రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే ఎగుమతి చేయవలసిన జాతుల పట్టికలో, చేర్చాల్సి వచ్చింది. 2022లో ఆంధ్ర, ఒడిశాల నుంచి యూబ్లెఫారిస్ పిక్టస్ అనే లెపర్డ్ గెక్కో జాతిని శాస్త్రవేత్తలు కొత్తగా వర్ణించారు. సంతోషమే. కానీ అడవిలో పట్టినదానికి "ఇంట్లో పుట్టింది" అని చెప్పి అమ్మడానికి ఎంతసేపు పడుతుంది?

రాత్రి ట్యూబ్‌లైట్ కింద మన ఇంటి బల్లి వేట ఒక గంట చూడమనండి అమ్మాయిని. ఖర్చు లేదు, ఎవరినీ బంధించినట్టూ కాదు. పంచాంగంలో గౌళి పతన ఫలితాలు చూసినంత శ్రద్ధగా బల్లిని చూసినవాళ్లు మనలో ఎందరు?

పిల్లలమర్రి నీడ:
మాస్టారూ, అడవి నుంచి పట్టినది వద్దన్న మాటకు నా ఓటు మీకే. కానీ లెపర్డ్ గెక్కోలను మనుషులు దశాబ్దాలుగా తరతరాలు పెంచుతున్నారు. అన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. తల్లీతండ్రీ గెక్కోలను చూపించలేని, రాతపూర్వకంగా బిల్లు ఇవ్వని మనిషి దగ్గర కొనవద్దు. శాస్త్రీయ నామం రాయించుకుని, కొనే ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడగండి.

ఎంచుకునేటప్పుడు తోక లావుగా, కళ్లు తేటగా, వేళ్లన్నీ పూర్తిగా ఉండాలి. పొట్ట ఈడ్చకుండా లేచి నడవాలి, మీ ఎదుటే పురుగును పట్టి తినాలి. రంగు చూసి మురిసిపోకండి. రంగుల కోసం పెంచిన రకాల్లో ఎనిగ్మా అనేదానిలో తల వంకర తిరిగి గుండ్రంగా తిరిగే నరాల లోపం ఉంది. లెమన్ ఫ్రాస్ట్ రకానికి కణితులు వస్తాయి. మామూలు పసుపు, నలుపు మచ్చలదే మొదటిసారి పెంచేవాళ్లకు తగినది. ఒక తొట్టిలో ఒక్కటే. జంట కావాలని పిల్లలు అడుగుతారు, ఇవ్వకండి. మగవి రెండైతే కొట్టుకుంటాయి.

బత్తాయి తోట:
అందరికీ ధన్యవాదాలు. క్రెస్టెడ్ ఆలోచన మానుకున్నాం, అమ్మాయి ఒక పూట అన్నం తినలేదు. మీల్‌వర్మ్ డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు ఉంటాయని అది చదివి వినిపించింది. "పెరుగు గిన్నె పక్కన పురుగులా" అని మా అత్తగారు ఇల్లు ఎగరగొట్టారు. నాకూ ఆమె మాటే సబబుగా తోచింది.

రాతి గుట్ట:
ఫ్రిజ్ అక్కరలేదు, కొంచెం కొంచెం పెంచుకోండి. అంతకంటే ముఖ్యమైనది సాల్మొనెల్లా. ఆరోగ్యంగా కనిపించే సరీసృపం పేడలోనూ ఆ బ్యాక్టీరియా ఉండవచ్చు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్లు వాటిని ముట్టుకోకూడదు. అంటే అత్తగారు దూరంగా ఉంటాననడం మంచిదే! నీళ్ల గిన్నెను వంటగది సింకులో కడగవద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి.

బత్తాయి తోట:
ఆమె వయసు 71, ఈ మాట చెబితే గెలిచానంటారు. సరే, మా ఆయనా నేనూ ఒక షరతు పెట్టాం. ఈ వేసవి అంతా ఖాళీ తొట్టి పడకగదిలో ఉంటుంది. అమ్మాయి రోజూ మధ్యాహ్నం రెండు కొసల ఉష్ణోగ్రతలూ రాయాలి, కరెంటు పోయిన రోజులవి కూడా. మీల్‌వర్మ్‌లను తనే పెంచాలి. జూన్‌లో ఆ నోట్‌బుక్ చూసి నిర్ణయిస్తాం. హాస్టల్‌కు వెళితే ఎవరు చూస్తారన్న మాస్టారి ప్రశ్నకు మాత్రం ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు.

ఎడమ కాలువ:
ఖాళీ తొట్టి కోసం ఏసీ వేస్తారా అక్కా?

బత్తాయి తోట:
మేం పడుకునే గదే కదా తమ్ముడూ, ఎలాగూ వేస్తాం. నల్గొండలో థర్మామీటర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పు.

పిల్లలమర్రి నీడ:
చేపల తొట్లు అమ్మే దుకాణంలో అడగండి. తీగ చివర ప్రోబ్ ఉన్న డిజిటల్‌ది తీసుకోండి, గాజుకు అతికించే గుండ్రటి డయల్ వద్దు. అది గాజు పక్క గాలిని చూపిస్తుంది, గెక్కో పొట్ట ఆనేది నాపరాయి మీద.