చీనీ తోట, రబీ వేరుశనగ నీటి లెక్క: క్రాప్‌వాట్ 7.5 అంటోంది, ఫోను యాప్ 6 అంటోంది

నార్పల చీనీతోట:
మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర ఎర్రనేల. మూడెకరాల చీనీ తోట, వయసొచ్చిన చెట్లు, 6 x 6 మీటర్ల ఎడం, మొత్తం 336. బోరు ఒక్కటే. 200 లీటర్ల డ్రమ్ము 90 సెకన్లలో నిండుతుంది. నాన్న ఈ నవంబరులో రెండెకరాల వేరుశనగ వేద్దామంటున్నాడు. నీరు సరిపోతుందో లేదో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంటే కొత్త తలనొప్పి మొదలైంది. జూన్ నెలకు ప్రామాణిక ఈటీ (నీరు బాగా ఉన్న పచ్చగడ్డి నేల నుంచి రోజూ ఆవిరయ్యే నీరు) క్రాప్‌వాట్ అనే పంట నీటి లెక్కల ప్రోగ్రామ్‌లో రోజుకు 7.5 మి.మీ. వచ్చింది, ఫోను యాప్‌లో 6. ఆక్వాక్రాప్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఇంకా మంచిదని ఒక మిత్రుడు అన్నాడు కానీ అందులో చీనీ కనిపించడం లేదు. దేన్ని నమ్మాలి?

పాత ఇంజనీరు:
ఆక్వాక్రాప్‌ను పక్కన పెట్టండి. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ) దాన్ని వరి, గోధుమ, మొక్కజొన్న వంటి పంటల కోసం తయారు చేసింది, చెట్ల కోసం కాదు. వేరుశనగకు వాడాలన్నా మన ప్రాంతంలో సరిచూసిన విలువలు చేతిలో ఉండాలి. మీకు తెలియాల్సింది ఎన్ని ఎకరాలు వేయాలనే కదా, దానికి క్రాప్‌వాట్ చాలు.

ఇక 7.5, 6 సంగతి. మీ యాప్ గాలి వేగం, తేమ అడిగిందా? ఉష్ణోగ్రతలు మాత్రమే తీసుకుని ఉంటే లోపల ఉన్నది దాదాపుగా 1985 నాటి హార్‌గ్రీవ్స్ సూత్రమే. క్రాప్‌వాట్‌లో ఉన్నది పెన్‌మన్-మాంటీత్ సూత్రం, అది గాలి, తేమ కూడా చూస్తుంది. జూన్‌లో మన జిల్లాలో గాలి ఎలా వీస్తుందో మీకు నేను చెప్పాలా? ఆ గాలి హార్‌గ్రీవ్స్‌కు తెలియదు. అందుకే గాలి ఎక్కువున్న చోట తక్కువ చూపిస్తుంది.

తేడా చిన్నదేమీ కాదు. చెట్ల కొమ్మలు నేలలో 70 శాతాన్ని కప్పిన చీనీ తోటకు పంట గుణకం (ఈటీని దేనితో గుణిస్తే ఆ పంట వాడే నీరు వస్తుందో ఆ అంకె) సుమారు 0.65. చెట్టుకు 36 చదరపు మీటర్లు, డ్రిప్పు సామర్థ్యం 90 శాతం అనుకుంటే 7.5 లెక్కన చెట్టుకు రోజుకు 195 లీటర్లు, 6 లెక్కన 156. (క్రాప్‌వాట్ సామర్థ్యం గడిలో 70 ముందే ఉంటుంది, మార్చుకోండి.) తోట మొత్తానికి ఒక లెక్కలో 65,500 లీటర్లు, ఇంకో లెక్కలో 52,400. తొమ్మిది గంటల కరెంటుతో మీ బోరు ఇచ్చేది 72,000. ఎండలు ముదిరాక డ్రమ్ము నిండడానికి 110 సెకన్లు పట్టిందనుకోండి, బోరు 59,000 దగ్గర ఆగుతుంది. యాప్‌ను నమ్మితే నీరు మిగిలినట్టే ఉంటుంది, చెట్లు మాత్రం ఎండుతాయి.

శీతాకాలంలో గాలి తక్కువ, రెండు సూత్రాలూ దగ్గరగానే వస్తాయి. జనవరి, ఫిబ్రవరికి 5 మి.మీ. వేసుకోండి. చీనీకి రోజుకు 43,700 లీటర్లు పోగా మిగిలేది 28,300. పూత, ఊడల దశలో వేరుశనగ గుణకం 1.15, స్ప్రింక్లర్ సామర్థ్యం 75 శాతం అంటే ఎకరాకు రోజుకు 31,000 కావాలి. ఒక ఎకరం వేస్తే తొమ్మిది శాతం లోటు, నీరు ఒక శాతం తగ్గితే దిగుబడి 0.7 శాతం తగ్గుతుందన్న ఎఫ్‌ఏఓ లెక్కన దిగుబడిలో ఆరు శాతం పోతుంది. అది భరించవచ్చు. రెండెకరాలకైతే సగం నీరు కూడా అందదు. నాన్నగారికి ఈ అంకెలు చూపించండి, మోడల్ పేరు చెప్పకండి.

గాలిమర:
ఒక్క మాట. క్రాప్‌వాట్‌కు కావాల్సింది రెండు మీటర్ల ఎత్తులోని గాలి వేగం. వాతావరణ కేంద్రాలు సాధారణంగా పది మీటర్ల దగ్గర కొలుస్తాయి. దాన్ని 0.75తో గుణించకుండా వేస్తే 7.5 కూడా పెరిగిన అంకే అవుతుంది. నాసా వారి పవర్ వెబ్‌సైట్‌లో రెండు ఎత్తులవీ ఉచితంగా దొరుకుతాయి.

నార్పల చీనీతోట:
రెండు మీటర్లదే వేశాను, కాబట్టి 7.5 ఉంచేస్తున్నాను. ఇంజనీరు గారూ, ఎకరమే వేస్తాం, నాన్న గొణుగుతూనే ఒప్పుకున్నాడు. కానీ క్రాప్‌వాట్ తడికీ తడికీ మధ్య పది రోజులకు పైగా చూపిస్తోంది. మా నేలలో అది కుదిరే పని కాదు.

పాత ఇంజనీరు:
నేల ఫైలు తెరిచి వేరు లోతు గడి చూడండి. అక్కడ 900 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే ఆ నేల వేరును ఎక్కడా ఆపదని అర్థం. మీ పొలంలో గడ్డపార వేస్తే ఎంత లోతులో మొరం తగులుతుంది? 40 సెంటీమీటర్లయితే 40 వేయండి. మీటరుకు 100 మి.మీ. పట్టే నేల అనుకుంటే 40 మి.మీ. నిల్వ, అందులో పంట ఇబ్బంది పడకుండా తీసుకునేది సగం. రోజుకు 5.75 పోతే మూడు రోజులకే మళ్లీ తడి. ఊడలు దిగే రోజుల్లో అంతకు మించి ఆపకండి.