హెల్మెట్ మీద బిగించడానికి ఏ కెమెరా తీసుకోమంటారు?

మాది బరంపురం. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి స్కైడైవింగ్ (విమానంలోంచి పారాచూట్‌తో దూకడం) పిచ్చి. 200 జంపులు దాటేదాకా కెమెరా జోలికి పోవద్దని అమెరికా పారాచూట్ సంఘం సూచన. ఈమధ్యే దాటేశాడు, ఇక ఫోటోల గోల మొదలు. పెద్ద బజారు షాపాయన్ని అడిగితే "పెళ్ళిళ్ళకా బాబూ?" అన్నాడు!

కెనాన్ 200డి, సోనీ ఏ6400 మధ్య ఊగుతున్నాం. లెన్స్ కాక, బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీలు వరుసగా 453, 403 గ్రాములు. పారాచూట్ విచ్చుకునేటప్పుడు మెడకి తగిలే కుదుపుకి ఆ కాస్త బరువూ లెక్కే కదా. కెనాన్‌కి 2.5 ఎంఎం రిమోట్ జాక్ (ఫోటో తీసే స్విచ్ వైరు పెట్టే రంధ్రం) ఉంది, పళ్ళతో నొక్కే స్విచ్ తేలిగ్గా తగిలించుకోవచ్చు. సోనీకి వేరే కేబుల్ కావాలి. గాల్లో అది ఊడదా? ఫోకస్ ముందే పెట్టేసి లెన్స్‌కి టేపు చుట్టేస్తే సరిపోతుందా, ఆటోఫోకస్‌ని నమ్మొచ్చా? వాడినవాళ్ళు చెప్పండి. సెకండ్‌హ్యాండైనా పర్లేదు.