తెర్తుల్లియన్ మాట పట్టుకుని క్రైస్తవులు గ్రీకు చదువును కాదన్నారనవచ్చా?

ప్రశ్న:
‘ఏథెన్సుకూ యెరూషలేముకూ ఏం పొత్తు?’ (అంటే గ్రీకు తత్త్వానికీ క్రైస్తవ విశ్వాసానికీ) అన్నాడు కదా ఆదిమ క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్. మరి ఆయనతో సహా ఆదిమ క్రైస్తవ రచయితలు చాలామంది గ్రీకు కవి హోమరో, లాటిన్ కవి వర్జిలో చదువుకున్నవాళ్లే. అన్యదేవతలు దయ్యాలని నమ్ముతూనే ఆ కథలే పాఠాలైన బడికి ఎలా వెళ్లారు?

జవాబు 1:
ఆ మాట దుర్బోధకుల మీద రాసిన పుస్తకంలోది. ఆ దుర్బోధకుల్లో వాలెంటినస్ ప్లేటో దగ్గర, మార్సియన్ స్తోయికులనే గ్రీకు తత్త్వవేత్తల దగ్గర సరుకు తెచ్చుకున్నారని అక్కడ వాదన. బడి సంగతి కావాలంటే విగ్రహారాధన మీద ఆయన రాసిన పుస్తకం, 10వ అధ్యాయం చూడండి. క్రైస్తవుడు చదువుకోవచ్చు, చదువు చెప్పకూడదు అంటాడు. చిక్కంతా పంతులు ఉద్యోగంతోనే. దేవతల పేర్లు, వంశాలు పొగుడుతూ చెప్పాలి. కొత్త పిల్లవాడు కట్టిన మొదటి రుసుము చదువుల దేవత మినర్వాకు అర్పించాలి. పూల దేవత ఫ్లోరా పండక్కి బడికి పూలదండలు కట్టాలి. పిల్లవాడికి ఈ తంటా లేదు: విషమని తెలిసి చేతిలోకి తీసుకున్నా తాగనివాడి లాంటివాడు.

జవాబు 2:
దయ్యాల మాటకు మూలం 96వ కీర్తన, 5వ వచనం. తెలుగు బైబిల్లో వెతికితే దొరకదు, ‘వట్టి విగ్రహాలు’ అని ఉంటుంది. అది హీబ్రూ పాఠం. ఆదిమ క్రైస్తవుల చేతిలో ఉన్నది సెప్టువజింట్, అంటే పాత నిబంధనకు పాత గ్రీకు అనువాదం. అందులో అదే కీర్తన 95వది, మాట ‘దయిమోనియా’, అంటే దయ్యాలు. దీనికి తోడు, దేవతలు ఒకప్పటి మనుషులే, క్రేతు ద్వీపంలో గ్రీకు దేవతల రాజు జ్యూస్ సమాధి ఉంది కదా అన్న వాదన కూడా వాడారు. రెండూ పొసగవు అనిపిస్తుంది గానీ మినూకియుస్ ఫెలిక్స్ అనే లాటిన్ క్రైస్తవ రచయిత అతికించాడు: చచ్చినవాళ్ల బొమ్మల చాటున దయ్యాలు చేరి పూజలు అందుకుంటున్నాయట!

జవాబు 3:
‘చెప్పకూడదు’ అన్నది నిలవలేదు. 362లో, పాత దేవతలను కొలిచే రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ పంతుళ్లను తప్పించేసరికి ఏథెన్సులో ప్రోహెరేసియస్, రోములో మారియుస్ విక్టోరినస్ పేరుమోసిన గురువులు. ఇద్దరూ బడి వదులుకున్నారు.
ఇక వాడకం. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి తెచ్చుకున్న బంగారంలా తత్త్వశాస్త్రాన్ని వాడుకోమన్నాడు గ్రీకు క్రైస్తవ పండితుడు ఒరిజెన్. దానితో దేవుని గుడారానికి సామాను చేసేవాళ్లు అరుదు, పూజకు దూడ విగ్రహాలు పోతపోసేవాళ్లే ఎక్కువ అనీ ఆయనే హెచ్చరించాడు. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం తీశాడు: చెరపట్టిన స్త్రీకి తల గొరిగి, గోళ్లు తీసి పెళ్లాడినట్టు, విగ్రహాల వాసన కత్తిరించి మిగతాది ఉంచుకోవాలట.

ప్రశ్న అడిగినవారు:
ఆ జెరోమే కదా, కలలో ‘నువ్వు క్రైస్తవుడివి కావు, (రోమా వక్త) సిసెరో మనిషివి’ అని దెబ్బలు తిని, ఇక ఆ పుస్తకాలు ముట్టనని ఒట్టేసింది?

జవాబు 3:
ఆయనే. 384లో యూస్తోకియం అనే క్రైస్తవ కన్యకు రాసిన 22వ లేఖలో ఉంది. ఒట్టు తప్పావని తర్వాత ఒకప్పటి స్నేహితుడు రూఫినస్ నిలదీస్తే, కలలో వేసిన ఒట్టుకు లెక్క అడుగుతావా అని ఎదురు తిరిగాడు.