చేతులు ఆడిస్తూ లెక్కలు చేస్తే మాన్పించాలా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. లెక్క చేసేటప్పుడు వేళ్ల కణుపులు ఎంచుతూ, చేతులు తిప్పుతూ తనలో తనే చెప్పుకుంటుంది. టీచర్ చేతులు కట్టుకొమ్మంటున్నారు. మాన్పించాలా అండీ?

జవాబు 1: అస్సలు వద్దండీ! షికాగో యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ గోల్డిన్-మెడో బృందం 2009లో ఇలాంటిదే పరీక్షించి చూసింది. 3+2+8=__+8 లాంటి లెక్కలో 3, 2 కింద రెండు వేళ్లు 'వి'లా పెట్టి తర్వాత ఖాళీని చూపించడం నేర్చుకున్న పిల్లలు, ఆ రెండూ కలపమని నోటితో ఎవరూ చెప్పకపోయినా, సైగ లేకుండా నేర్చుకున్నవాళ్ల కంటే బాగా చేశారు.

జవాబు 2: పుట్టుకతో చూపు లేనివాళ్లు కూడా, ఎదుటివాళ్లకీ చూపు లేదని తెలిసినా, మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారు. అది ఆలోచనలో భాగమే. చేతులు కట్టేయమనడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

జవాబు 3: పాప నోటితో తప్పు చెప్తున్నప్పుడు వేళ్లు ఎటు చూపిస్తున్నాయో గమనించండి, ఒక్కోసారి సరైన దారి ముందు చేతుల్లోనే కనిపిస్తుంది. టీచర్‌గారికి కూడా అదే చూపించండి.