ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో డిన్నర్ క్రూజ్: 24 మందికి చివరికి ఎంతవుతుంది?

గోదారిగట్టు, ఆమ్‌స్టెల్‌వీన్:

నెదర్లాండ్స్‌లోని తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఈసారి మా గ్రూపులో మూడు కుటుంబాల అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు. అక్టోబరులో వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. ఆలోపు సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం సాయంత్రం అందరం కలిసి కాలువల్లో డిన్నర్ క్రూజ్‌కి వెళ్దామని అనుకుంటున్నాం. మొత్తం 24 మందిమి. అందులో వయసుపైబడిన పెద్దవాళ్ళు ఐదుగురు, పిల్లలు ఆరుగురు. సగానికి పైగా శాకాహారులం.

వెబ్‌సైట్లు చూస్తే తలకి 45 యూరోల నుంచి 120 దాకా ఉంది. ఏది తెరిచినా కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంటోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చివరికి చేతినుంచి ఎంత పోయిందో చెప్తే మాకు లెక్క కుదురుతుంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. డబ్బు కన్నా అదే నాకు టెన్షన్.

కృష్ణాతీరం, హార్లెం:

మేం మా ఆఫీసు తెలుగువాళ్ళతో కలిసి పోయిన చలికాలం వెళ్ళాం. నాలుగు కోర్సుల డిన్నర్, రెండున్నర గంటలు, తలకి 95 యూరోలు. డ్రింక్స్ అన్నీ అందులోనే అని ఉంది కానీ, ఎక్కాక తెలిసింది ఏమిటంటే హౌస్ వైన్, బీరు, కూల్ డ్రింక్స్ వరకే. విస్కీ అడిగినవాళ్ళు విడిగా కట్టారు. ఎక్కగానే ఇచ్చిన మొదటి గ్లాసు కూడా విడి లెక్కే అని దిగేటప్పుడు బిల్లు చూస్తే తెలిసింది. అన్నీ కలిపి తలకి 108 దాకా పడింది.

శాకాహారులకి పుట్టగొడుగుల రిసోటో పెట్టారు. రుచి బాగానే ఉంది గానీ ఉప్పూకారం మనవాళ్ళకి ఆనదు. ఒకావిడ గుడ్డు కూడా తినరు, ఆవిడకి స్వీటు దగ్గర ఏమీ లేక పండ్ల ముక్కలు ఇచ్చారు. ఈ దేశంలో వెజిటేరియన్ అంటే గుడ్డు ఉంటుందనే లెక్క. బుక్ చేసేటప్పుడే ‘గుడ్డు లేకుండా’ అని రాసి, వాళ్ళు ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి.

ఇంకో సంగతి. చలికాలంలో అద్దాల పడవలో వేడి అన్నం, ఇంతమంది ఊపిరి, తడి కోట్లు. అరగంటకల్లా అద్దాలన్నీ ఆవిరి పట్టేశాయి. న్యాప్‌కిన్‌తో తుడుస్తూ కూర్చున్నాం. బయట దీపాలన్నీ మసకగా కనిపించాయి తప్ప ఒక్క ఫొటో సరిగ్గా రాలేదు. మీరు వెళ్ళేది సెప్టెంబర్ కాబట్టి ఆ బాధ తక్కువే ఉండొచ్చు.

లెక్కలపుస్తకం, ద హేగ్:

గోదారిగట్టు గారూ, ధర చూసేముందు తలలు లెక్కపెట్టండి. ఇక్కడ 12 మంది ప్రయాణికుల దాకా ఒక రకం పడవ, 12 దాటితే వేరే రకం. 12 కన్నా ఎక్కువమందిని ఎక్కించుకునే పడవకి ప్రయాణికుల ఓడకి ఉండే సర్టిఫికెట్ కావాలి. తనిఖీలు, సిబ్బంది, భద్రతా నియమాలు అన్నీ ఎక్కువ. అందుకే ఏ సైటులో చూసినా చిన్న పడవలన్నీ సరిగ్గా ‘12 మంది వరకు’ అని ఉంటాయి. చోటు మిగిలినా పదమూడో మనిషిని ఎక్కించుకోరు. చంకలో పాప ఉన్నా ఒక తలే. పన్నెండుమందికి, పదమూడుమందికి మధ్య తేడా ఒక్క టికెట్ ధర అనుకోకండి, మొత్తం పడవే మారిపోతుంది.

మీరు 24 మంది. అంటే సరిగ్గా రెండు చిన్న పడవలు. మరో జంట వస్తామంటే రెండూ చాలవు. మేం అడిగినప్పుడు నడిపే మనిషితో సహా చిన్న పడవ గంటకి 150 నుంచి 200 యూరోలు చెప్పారు. నలభైమంది పట్టే పైకప్పు పడవకి 350 నుంచి 450. రెండు గంటలకి రెండు చిన్న పడవలు 600 నుంచి 800 అవుతాయి, తలకి 25 నుంచి 33 పడుతుంది. తిండి దాని పైన.

కొటేషన్ వచ్చాక మొదట చూడాల్సింది బీటీడబ్ల్యూ, అంటే మన జీఎస్టీ లాంటి ఇక్కడి పన్ను, కలిపారా లేదా అన్నది. మామూలు టికెట్లలో పన్ను కలిపే ఉంటుంది. గ్రూపు కొటేషన్లు మాత్రం కంపెనీలకి పంపే అలవాటులో పన్ను లేకుండా రాస్తారు. భోజనానికి 9 శాతం, మద్యానికి 21 శాతం. రెండు వేల బిల్లులో అది చిన్న మొత్తం కాదు. పడవ ఎక్కే ప్రతి తలకీ నగరపాలక సంస్థ వసూలు చేసే పన్ను ఒకటుంది, అది ధరలో కలిసి ఉందో లేదో కూడా అడగండి. సిటీ సెంటర్లో ఇప్పుడు ఈ పడవలు కాలుష్యం లేకుండా నడవాలి కాబట్టి డీజిల్ తీసేసి బ్యాటరీలు పెట్టుకున్నారు. ఆ పెట్టుబడి కూడా మన టికెట్లోనే వస్తుంది. పాత బ్లాగుల్లో కనిపించే ధరలు నమ్ముకోకండి.

పెరుగన్నం, డెల్ఫ్ట్:

లెక్కలపుస్తకం గారు చెప్పిన చిన్న పడవ చవకే, కాదనను. కానీ పెద్దవాళ్ళు ఐదుగురు అన్నారు కదా. ఆ చిన్న ఓపెన్ పడవల్లో చాలావాటిలో టాయిలెట్ ఉండదు. మా మామయ్యగారికి షుగర్. రెండు గంటల ప్రయాణంలో ముప్పావు గంటకే ఆయన ఇబ్బంది పడటం మొదలైంది, మా కోసం పడవని ఒక రేవు దగ్గర ఆపమని అడగాల్సి వచ్చింది. ఆయన మొహమాటపడి ఆ తర్వాత మంచినీళ్ళు కూడా తాగలేదు. ఈ వయసువాళ్ళు ఉంటే టాయిలెట్ ఉన్న పడవే తీసుకోండి, వంద యూరోలు ఎక్కువైనా పర్లేదు.

అలాగే ఎక్కే చోటు చూడండి. కొన్ని రేవుల్లో గట్టు మీదనుంచి పడవలోకి ఒక పెద్ద అంగ వేయాలి, పైగా పడవ ఊగుతూ ఉంటుంది. పైకప్పు పడవల్లో లోపలికి నాలుగైదు మెట్లు నిటారుగా దిగాలి. చెక్క మెట్లు, చీర కుచ్చిళ్ళు కాలికింద పడతాయి. రెయిలింగ్ ఉన్న రేవు కావాలని ముందే అడిగితే వేరే చోటు ఇస్తారు. మీ అమ్మగారి మోకాళ్ళ గురించి ఫోన్‌లోనే చెప్పండి వదినా.

మదనపల్లి టమాటా, ఐండ్‌హోవెన్:

నాదొక మాట. పడవని, భోజనాన్ని విడదీయండి.

హేరెన్‌గ్రాహ్ట్ కాలువలో వెళ్తుంటే రెగులియర్స్‌గ్రాహ్ట్ అనే ఇంకో కాలువ మొదలయ్యే మలుపు ఒకటి వస్తుంది. అక్కడ పడవ ఆపి చూస్తే ఏడు రాతి వంతెనలు ఒకదాని కమాను లోంచి ఒకటి వరసగా కనిపిస్తాయి. చీకటి పడ్డాక ప్రతి కమాను చుట్టూ బల్బులు వెలుగుతాయి. నీళ్ళ మీద నుంచి చూస్తేనే ఆ వరస కళ్ళకి కడుతుంది. మేం డిన్నర్ క్రూజ్‌కి వెళ్ళినప్పుడు సరిగ్గా అక్కడికి వచ్చేసరికే మెయిన్ కోర్స్ పళ్ళేలు తెచ్చి పెట్టారు. సగం మంది ఫోర్కు పట్టుకుని పళ్ళెంలోకి చూస్తున్నారు. తలెత్తేసరికి పడవ ముందుకెళ్ళిపోయింది. 17వ శతాబ్దంలో తవ్విన కాలువల వలయం అది, 2010లో యునెస్కో గుర్తించింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అది చూపించడానికే కదా తీసుకెళ్తున్నాం? అన్నం ఎక్కడైనా తింటారు.

మామూలు గంట క్రూజ్ తలకి 15 నుంచి 25 లోపు. ఒడ్డున ఇండియన్ రెస్టారెంట్లో తలకి 30 వేసుకోండి. మొత్తం 50 చుట్టూ అయిపోతుంది. అమ్మానాన్నలకి పప్పూ అన్నం దొరుకుతుంది. యూరో వంద రూపాయలు దాటాక వాళ్ళు ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూస్తున్నారు. పది వేల టికెట్ అని తెలిస్తే మా నాన్న పడవే ఎక్కరు.

గోదారిగట్టు, ఆమ్‌స్టెల్‌వీన్:

టమాటా గారూ, మా నాన్నా అంతే! మీరు చెప్పింది బాగా నచ్చింది. కానీ రాత్రి పూట ఐదుగురు పెద్దవాళ్ళని, ఆరుగురు పిల్లల్ని పడవ దించి, ట్రామ్ ఎక్కించి, రెస్టారెంటుకి నడిపించడం తలుచుకుంటేనే కష్టంగా ఉంది. మన వంట పడవలోకే తెచ్చుకోనిస్తారా? ఇంకొకటి, ఎన్ని గంటలకి ఎక్కితే దీపాలు కనిపిస్తాయి?

లెక్కలపుస్తకం, ద హేగ్:

టైము సంగతి నేను చెప్తా. జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేసరికి రాత్రి పది అవుతుంది. ఏడింటి డిన్నర్ క్రూజ్ ఎక్కితే పట్టపగలే. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, కానీ లైట్ ఫెస్టివల్ రోజులు కాబట్టి ధరలు పెరుగుతాయి, కాలువల్లో పడవల రద్దీ కూడా. మీరు ఎంచుకున్న సెప్టెంబర్ చివరే బెస్ట్. ఏడున్నర ప్రాంతంలో పొద్దుగూకుతుంది. ఆరున్నరకి ఎక్కితే గంటసేపు వెలుతురులో ఇళ్ళూ చర్చిలూ చూస్తారు, తర్వాత దీపాలు. ఆమ్‌స్టెల్ నది మీద మాహెరే బ్రుహ్ అని తెల్లటి చెక్క వంతెన ఉంటుంది, దానికి దీపాలు వెలిగాకే అటు తీసుకెళ్ళమని పడవ నడిపేవాళ్ళకి చెప్పండి. ప్రైవేటు పడవ అయితే దారి మన ఇష్టం, డిన్నర్ టికెట్ అయితే వాళ్ళ ఇష్టం.

సర్వపిండి, ఆమ్‌స్టెల్‌వీన్:

బయటి తిండి గురించి. మేం మా పాప పుట్టినరోజు అలాగే చేశాం. పైకప్పు పడవ తీసుకుని, మన ఊళ్ళోనే ఉన్న ఇండియన్ కేటరర్‌తో వండించుకున్నాం. తలకి 22 యూరోలు. పులిహోర, గుత్తివంకాయ, చికెన్ వేపుడు, పెరుగన్నం, గులాబ్ జామ్. మేం అడిగిన పడవలవాళ్ళలో తిండికి చాలామంది ఒప్పుకున్నారు, డ్రింక్స్‌కి మాత్రం చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ళ ఆదాయం అక్కడే ఉంది మరి. కూల్ డ్రింక్స్, టీ, కాఫీ వాళ్ళ దగ్గరే తీసుకుంటామని చెప్తే తిండి తేవడానికి ఫీజు తీసేశారు. ఇది బేరం ఆడి సాధించుకోవచ్చు.

పడవలో వేడి చేసుకోవడానికి పొయ్యి ఉంటుందని అనుకోకండి. మూతలు గట్టిగా ఉండే హాట్ బాక్సుల్లోనే తెప్పించండి. సాంబారు, రసం వద్దు. పక్కనుంచి ఇంకో పెద్ద పడవ వెళ్తే అల వస్తుంది, మా టేబుల్ మీద చట్నీ అంతా ఒకరి పట్టుచీర మీదికి పోయింది. ప్లేట్లు, స్పూన్లు, చెత్త సంచులు మనమే తీసుకెళ్ళాలి. శుభ్రం చేయకుండా దిగితే క్లీనింగ్ ఛార్జి వేస్తారు, అది ఎంతో కాగితం మీద ముందే ఉండాలి.

స్పీకరు పెట్టి పాటలు మోగించకండి, కాలువ గట్టున జనం నివసించే ఇళ్ళు. జరిమానా పడితే మనమే కట్టాలి.

బుజ్జిపండు అమ్మ, జాన్‌డామ్:

పిల్లలు ఎక్కువగా ఉంటే పాన్‌కేక్ పడవ కూడా చూడండి. ఎన్‌డీఎస్ఎం రేవు నుంచి బయల్దేరుతుంది, ఒకే ధరకి ఎన్ని పాన్‌కేకులైనా తినొచ్చు. సెంట్రల్ స్టేషన్ వెనకనుంచి ఆ రేవుకి ఉచిత ఫెర్రీ ఉంది. డిన్నర్ క్రూజ్ ధరలో సగం కూడా కాదు. కాకపోతే అది తిరిగేది పెద్ద నీళ్ళలో, స్టేషన్ వెనక ఉన్న ‘ఐ’ (IJ) అనే వెడల్పాటి నీటిపాయ మీద. సన్నటి కాలువల్లోకి రాదు. పాన్‌కేక్ పిండిలో గుడ్డు ఉంటుంది, పెద్దవాళ్ళకి కుదరదు.

గోదారిగట్టు, ఆమ్‌స్టెల్‌వీన్:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు రోజులు ఫోన్లు చేసి ఒక నిర్ణయానికి వచ్చాం. టాయిలెట్, రెయిలింగ్ ఉన్న పైకప్పు పడవ. పన్నుతో కలిపి గంటకి 380, రెండున్నర గంటలకి 950. కేటరింగ్ 24 మందికి 528. కూల్ డ్రింక్స్, టీ తలకి 10 చొప్పున 240. మొత్తం 1,718 యూరోలు. పిల్లలకి సగం వేసి పంచితే పెద్దలు 18 మందికి తలా 82, పిల్లలకి 41. ఇదే డిన్నర్ టికెట్లు కొంటే పెద్దలకి 95, పిల్లలకి 50 చొప్పున 2,010 అయ్యేది, పైన బిల్లు వేరే.

టమాటా గారి మాట విని మొదటి గంట తిండి తీయం. వెలుతురు ఉన్నంతసేపు చూడటమే. ఆ ఏడు వంతెనలు దాటాకే బాక్సులు తెరుస్తాం. అమ్మ విషయం చెప్తే వాళ్ళే మెట్లు తక్కువగా ఉన్న రేవు ఇచ్చారు పెరుగన్నం గారూ.

కృష్ణాతీరం, హార్లెం:

చాలా బాగుంది. అడ్వాన్సు కట్టేముందే అందరికీ టిక్కీ (ఫోన్‌లో డబ్బు అడిగే యాప్) లింకు పంపి డబ్బు తెప్పించుకోండి. మనుషుల సంఖ్య ఫైనల్ చేశాక ఎవరైనా రాకపోయినా డబ్బు వెనక్కి ఇవ్వరు. మా గ్రూపులో చివరి రోజు ఇద్దరు మానేస్తే వాళ్ళ వాటా మిగతావాళ్ళ మీద పడింది.

సర్వపిండి, ఆమ్‌స్టెల్‌వీన్:

కేటరర్‌కి రేవు పేరు ఒక్కటే ఇవ్వకండి. ఎదురుగా ఉన్న ఇంటి నంబరు కూడా ఇవ్వండి. గట్టు మీద వ్యాను ఎక్కువసేపు ఆపనివ్వరు. మగవాళ్ళిద్దరిని పావుగంట ముందే అక్కడ నిలబెట్టండి, బాక్సులు దించుకోవడానికి.