పదివేల లేయర్లకి కొత్త షెడ్డు: బెల్టు కేజ్‌లా, పాత మెట్ల కేజ్‌లా?

కొత్త షెడ్డు, మండపేట పక్క

అందరికీ నమస్కారమండి. 10,000 గుడ్ల కోళ్లకి (లేయర్లకి) ఒక షెడ్డు కడదామని స్థలం చదును చేయించాం. చేలో నేల, నల్లమట్టి, పక్కనే పంట కాలవ. ఊరు అరకిలోమీటరు దూరంలో ఉంది. కంపెనీ వాళ్లు నాలుగంతస్తుల నిలువు కేజ్‌లు, కింద పెంట బెల్టు, మేతకి ట్రాలీ, మొత్తం ఆటోమేటిక్ పెట్టుకోమంటున్నారు. చుట్టుపక్కల రైతులేమో స్తంభాల మీద పాత మెట్ల కేజ్‌లే మేలు, పెంట కింద పడి ఉంటుంది, ఏడాదికోసారి ఎత్తుకోవచ్చు అంటున్నారు. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను. మన గోదావరి జిల్లాల వాతావరణానికి ఏది నిలుస్తుందో చెప్పండి.

కేజ్ ఫిట్టర్

బెల్టే పెట్టండి. ఊరు అరకిలోమీటరులో ఉందన్నారు కదా, అదే అసలు కారణం. ఎండాకాలంలో ఈగ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం, పది రోజులకి మించి పట్టదు. మూడు రోజులకోసారి బెల్టు తిప్పి పెంట బయటికి పంపేస్తే పురుగు ఈగయ్యే వీలే ఉండదు. కింద ఏడాది కుప్ప పెట్టుకుంటే మాత్రం ముసురు పట్టిన నాడు ఊళ్లో ప్రతి కంచంలోనూ మీ ఈగే. తర్వాత పంచాయతీ, ఫిర్యాదులు. అమ్మోనియా కూడా అంతే, పెంట ఎంత త్వరగా బయటికి పోతే కళ్లు మండటం, ముక్కు కారటం అంత తగ్గుతాయి.

పెంట లెక్క

ఫిట్టర్ గారూ, ఈగ లెక్క ఒప్పుకుంటానండి. షెడ్డు బయట ఏమవుతుందో ఆ లెక్క కూడా చెప్పాలి కదా.

పెట్ట రోజుకి 110 గ్రాములు తింటే పచ్చి పెంట కూడా సుమారు అంతే వేస్తుంది. 10,000 పెట్టలకి రోజుకి 1,100 కిలోలు. అందులో నీరు దగ్గర దగ్గర 75 శాతం, అంటే ఎండు సరుకు 275 కిలోలే. సంచికెత్తి అమ్ముకునేలా 30 శాతం తేమకి దింపితే మిగిలేది 390 కిలోలు. రోజుకి 700 లీటర్ల నీటిని ఎక్కడో ఆరబెట్టాలి. ఏప్రిల్‌లో ఎండే ఆ పని చేసి పెడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎవరు ఆరబెడతారు? కుప్పగా పోస్తే రెండో రోజుకి ముద్దై పులుస్తుంది. షెడ్డు కిందున్న ఈగలు పెంట దొడ్డికి మారతాయి, అంతే తేడా.

బెల్టు పెట్టేవాళ్లు ముందు పైకప్పున్న పెంట దొడ్డి కట్టాలి. మన దగ్గర రైసు మిల్లుల ఊక దొరుకుతుంది కాబట్టి దాన్ని కలుపుకోవచ్చు. 1,100 కిలోల పెంట తేమని 60 శాతానికి దించాలంటే ఊక సుమారు 330 కిలోలు, రోజూ. ఊకకి దాన్ని కాల్చే బాయిలర్ల వాళ్లు పోటీ, ఉచితంగా ఎవరూ ఇవ్వరు. ఈ లెక్క వేసుకోకుండా బెల్టు ఆర్డరిచ్చినవాళ్లు మొదటి వానాకాలానికే తల పట్టుకుంటారు.

పాత కుప్పకీ ఒక పద్ధతుంది. ఎత్తేటప్పుడు అడుగున అరజానెడు పాత ఎండు పెంట వదిలేయాలి. కొత్త పెంట తేమ అది పీల్చుకుంటుంది. ఈగ గుడ్లని తినే పురుగులు కూడా అందులోనే ఉంటాయి. శుభ్రంగా ఊడ్చేస్తే వాటినీ ఊడ్చేసినట్టే. ఎత్తడం జనవరి, మార్చి మధ్యలోనే చేయాలి, వానల్లో ముట్టుకోకూడదు. అప్పటికీ ఈగ పురుగు లేస్తే 1 శాతం సైరోమజిన్ (పెంటలో ఈగ పురుగుని ఎదగనివ్వని మందు) పొడి టన్ను మేతకి అరకిలో, కొన్ని వారాలు. అదే పనిగా ఏడాదంతా వేస్తే ఈగ దానికి అలవాటు పడిపోతుంది.

శివారు ఆయకట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పెంట పల్చగా పడుతుంటే బెల్టయినా కుప్పయినా ఒకటే కంపు. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మేతలో ఎండుచేప పొడి వేసి, పైన మామూలు లెక్క ప్రకారం ఉప్పూ కలిపితే పెట్ట తాగుతూనే ఉంటుంది, నీళ్లలాగే విసర్జిస్తుంది. ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించి, అందులో ఉన్న ఉప్పు మేరకి మేతలో తగ్గించాలి.

రెండోది నిపుల్స్, అంటే పెట్ట ముక్కుతో పొడిస్తే నీళ్లిచ్చే పిన్నులు. నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. స్తంభం అర అంగుళం కుంగితే నిపుల్ పైపు వాలిపోతుంది. ఎత్తున్న కొస దగ్గర గాలి పట్టేసి నీళ్లు రావు, పల్లం కొస దగ్గర ఒత్తిడి ఎక్కువై కారతాయి. ఆ కారిన నీళ్లన్నీ పెంటలోకే. పునాది గోతుల్లో ఇసుక నింపి కూరాలి. అలా చేసినా వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి నీటి గొట్టంతో లెవల్ చూసుకోవాలి. ఎండల్లో బెల్లం నీళ్లు, విటమిన్లు పట్టిస్తారు కదా, ఆ సాయంత్రమే పైపు కొస విప్పి జోరుగా నీళ్లు వదిలేయండి. లేకపోతే లోపల జిగురు పేరుకుని నిపుల్ పిన్ను మూసుకోదు.

దాణా మిల్లు

మేత సంగతి ఎవరూ ఎత్తలేదు. నా ఓటు ట్రాలీకే, పెంట ఎలా పోయినా సరే. చైను వద్దు.

చైను మేతని తొట్టి పొడుగునా ఈడ్చుకెళ్తుంటే మొదట్లో ఉన్న పెట్టలు మొక్కజొన్న పలుకులు ఏరుకుంటాయి. విటమిన్లు, మందులు, అమైనో ఆమ్లాలు ఉండే పిండి చివరి పెట్టల వాటా. ఒకే షెడ్డులో ఒక కొస పెట్టలు బలిసి, ఇంకో కొసవి చిక్కిపోతాయి. పైగా కాల్షియం కోసం మేతలో వేసే గుల్ల, సున్నపురాయి చైను అడుక్కి దిగి తొట్టిని అరగదీస్తాయి. ట్రాలీ అయితే ఎక్కడి మేత అక్కడే పోసుకుంటూ పోతుంది.

కానీ ట్రాలీ డబ్బాలు మొక్కజొన్న మేతకి తయారైనవి. మనం నూకలు, నూనె తీసిన తవుడు దండిగా వేస్తాం. తవుడు మేత, అందులోనూ వానాకాలం గాలికి మెత్తబడ్డది, డబ్బా మూతి దగ్గర గూడు కడుతుంది. పైన డబ్బా నిండుగానే కనిపిస్తుంది, కింద తొట్టిలోకి గింజ పడదు. ట్రాలీ ఖాళీగా వెళ్లొచ్చేస్తుంది. చూసే మనిషి లేకపోతే ఆ వరస పెట్టలు ఆ పూట పస్తే. డబ్బా గోడల వాలు 60 డిగ్రీలకి తగ్గకూడదు, మూతి వెడల్పుగా ఉండాలి, లోపల కదిపే కమ్మీ ఉండాలి. ఆర్డరిచ్చే ముందు మీ మేత రెండు బస్తాలు పట్టుకెళ్లి వాళ్ల డబ్బాలో పోసి చూడండి.

తొట్టి మూడో వంతుకి మించి నింపకూడదు. నిండా పోస్తే ముక్కుతో విసిరికొడతాయి. పెట్టకి 3 గ్రాములు పోయినా రోజుకి 30 కిలోలు పెంటలో కలిసినట్టే. సాయంత్రం మేత ఎక్కువ ఉండాలి, పెంకు కట్టేది రాత్రి కాబట్టి. పెట్టకి రోజుకి 4 గ్రాముల దాకా కాల్షియం కావాలి. అందులో సగం పైన 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలుగా ఉంటే రాత్రంతా కడుపులో నిలిచి మెల్లగా కరుగుతుంది. రోహిణిలో పదకొండు నుంచి మూడు దాకా తొట్టి ఖాళీగా ఉంచడమే మంచిది. తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి ఎండకి తోడైతే పెట్ట తట్టుకోలేదు.

కేజ్ ఫిట్టర్

మిల్లు గారి మాటకి అడ్డులేదు. తవుడు గూడు కట్టడం నిజమే.

లెక్క గారికి జవాబు: పైకప్పున్న దొడ్డి లేకుండా బెల్టు పెట్టమని నేనూ అనను. బెల్టు అనేసరికి జనం భయపడేది తెగుతుందని. తెగేది ఎక్కడా? అతుకు దగ్గరే, అదీ నాలుగైదు రోజుల పెంట బరువు మీద ఒకేసారి మోటారు వేస్తే. ఇక పక్కకి పోవడం అంటారా, బెల్టు ఏ పక్కకి జరుగుతుంటే ఆ పక్క బోల్టు పావు చుట్టు బిగించి, బెల్టు ఒక పూర్తి చుట్టు తిరిగాక చూడాలి. చాలకపోతే ఇంకో పావు. ఒకేసారి రెండు చుట్లు బిగిస్తే అవతలి పక్కకి పోయి అంచు చీరుకుపోతుంది. గీకే పలక అంచు అరిగితే పెంట బెల్టుకి అంటుకుని వెనక్కి వస్తుంది, రోలరు మీద గట్టలు కడుతుంది. నూటికి తొంభై పక్కకి పోవడాలు ఆ గట్టల వల్లే. కాబట్టి ముందు రోలరు గీకండి, తర్వాతే బోల్టు పట్టుకోండి.

తుప్పు గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. కేజ్ కొనేటప్పుడు తీగ మెరుపు చూడకండి, తీగ తీగ కలిసే చుక్క చూడండి. ముందే జింకు పూసిన తీగని వెల్డింగ్ చేస్తే ఆ చుక్క దగ్గర పూత కాలిపోతుంది. అమ్మోనియా, ఉప్పుగాలి మొదట అక్కడే కొరుకుతాయి. గోధుమరంగు చుక్క లేస్తుంది, తర్వాత తీగ ఊడి మొన తేలుతుంది, పెట్ట పాదం గీరుకుని వాస్తుంది. వెల్డింగ్ అయ్యాక జింకు తొట్టిలో ముంచిన కేజ్ ఖరీదెక్కువే, కానీ మన గాలికి అదే. షెడ్డు మీద అల్యూమినియం జింకు పూత రేకు కూడా వద్దు, దానికి అమ్మోనియా పడదు.

పశువైద్యం

మూడు సంగతులు, క్లుప్తంగా.

చోటు. 15×12 అంగుళాల గదిలో మూడు పెట్టలు పెడితే ఒక్కోదానికి 387 చదరపు సెంటీమీటర్లు. 2019లో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో పెట్టకి 550 అంది. ఐరోపాలో 2012 జనవరి 1 నుంచి పాత ఖాళీ కేజ్‌లే నిషేధం, అక్కడ పెట్టకి 750. 18×15 గది తీసుకుని మూడేసి పెట్టండి, 580 వస్తుంది. నలుగురి గదిలో ముగ్గురంటే ఇవాళ నష్టంలా కనిపిస్తుంది గానీ, నిబంధన అడ్డొచ్చిన రోజున ఇనుము పీకి మళ్లీ వేయక్కర్లేదు. గది వెడల్పు ముందువైపు ఎక్కువ, లోతు తక్కువ ఉండేలా చూడండి, అన్నీ ఒకేసారి తింటాయి.

వేడి. మే నెల పడమటి గాలిలో ఫాగర్లు (సన్నటి నీటి తుంపర చల్లేవి) పనిచేస్తాయి. జూన్ ఉక్కపోతలో గాల్లో తేమ నిండా ఉన్నప్పుడు ఫాగర్ వేస్తే చల్లబడదు సరికదా పెట్టకి ఊపిరాడదు. అప్పుడు ఫ్యాన్లు మాత్రమే. నాలుగంతస్తుల నిలువు కేజ్‌లు తెరిచిన షెడ్డులో పెడితే బెల్టులు గాలికి అడ్డు, పై అంతస్తుకి రేకు వేడి. నిలువు కేజ్‌లకి మూసిన షెడ్డు, కూలింగ్ ప్యాడ్లు, జనరేటరు తప్పనిసరి. మూసిన షెడ్డులో కరెంటు పోయి జనరేటరు వెంటనే అందుకోకపోతే పెట్టలు నిమిషాల్లోనే రాలడం మొదలు. పదివేలకి ఆ భారం మోయడం నా దృష్టిలో దండగ.

మూడోది ట్రాక్టరు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ) తేలింది. వైరస్ పెంటలో కదులుతుంది, పెంట చక్రాల మీద కదులుతుంది. ఏడాదికోసారి వచ్చే లారీ వేరు, చేపల చెరువులకి పెంట తోలే ట్రాక్టరు మూడు రోజులకోసారి నాలుగు ఫారాలు తిరిగి మీ గేటులోకి రావడం వేరు. బెల్టు పెడితే పెంట దొడ్డి గేటు బయటికి తెరుచుకోవాలి. బయటి ట్రాక్టరు షెడ్డు వైపు రాకూడదు.

కొత్త షెడ్డు, మండపేట పక్క

అందరికీ ధన్యవాదాలండి. అయితే స్తంభాల మీద మెట్ల కేజ్‌లు, 18×15లో మూడేసి, మేతకి మాత్రం ట్రాలీ అనుకుంటున్నాను. అలా కలిపి పెట్టొచ్చా?

దాణా మిల్లు

పెట్టొచ్చండి. మెట్ల వాలుకి తగ్గట్టు డబ్బాలు మెట్టుమెట్టుకీ వేరుగా ఉండాలి, పట్టాలు కేజ్ కాళ్లకి కాకుండా షెడ్డు దూలాలకి పట్టించండి. స్తంభం కుంగితే కేజ్ వాలినా ట్రాలీ పట్టా తప్పదు.

పెంట లెక్క

ముందు కాలవ గట్టు మట్టం ఎంత, మీ నేల మట్టం ఎంత, అది కొలిచి ఇక్కడ పెట్టండి. కుప్ప అడుగుకి గట్టు తెగినప్పుడు నీళ్లు తగిలేట్టయితే నేను చెప్పినదంతా వెనక్కి తీసుకుంటాను. మెరక తోలకుండా మెట్ల కేజ్‌లు వద్దు.

కేజ్ ఫిట్టర్

అదిగో, బెల్టు దారికి వచ్చారు. కొలిచి పెట్టండి, మిగతాది అప్పుడు చూద్దాం.